పన్నెండు సెకన్ల బుడగ, పది సెకన్ల రాయి

2006 డిసెంబరు సెలవులలో ఒక రాత్రి, టెక్సస్‌లో మేము నలుగురు విద్యార్థులం కలిసి ఉంటున్న అపార్ట్‌మెంటులో, పాత సామాన్ల దుకాణంలో కొన్న భోజనాల బల్లకు ఇటు కొసన నేనూ అటు కొసన నా మిత్రుడూ లాప్‌టాప్‌లు తెరుచుకుని కూర్చున్నాము. ఆటలో మేమిద్దరం ఉన్నది వింటర్‌స్ప్రింగ్ అనే మంచుకొండల ప్రాంతం. నా పాత్ర ఎద్దుతల గల ఒక వేటగాడు. అతని పాత్ర నిలువెల్లా ఇనుము తొడిగిన పాలడిన్, అంటే దైవబలం తోడున్న యోధుడు. రెండు గంటలుగా నేను చర్మాలు వలుచుకుంటున్న చోటికి వచ్చి నా మృగాలను తాను చంపుకోవడం మొదలుపెట్టాడు కనుక బాణం ఎక్కుపెట్టాను. అతని ప్రాణం పదో వంతుకు దిగిపోయి, ఇంకొక్క బాణంతో పని ముగుస్తుందనగా, అతని చుట్టూ బంగారు రంగు బుడగ ఒకటి కమ్ముకుంది. ఆ తరువాత నా బాణాలు తగులుతున్నాయి గానీ ఒక్కటీ దిగడం లేదు. అతను ఆ బుడగలో నిలబడి, నా వైపు తిరిగి పొట్ట పట్టుకుని నవ్వి, తాపీగా సంచిలోంచి ఒక రాయి తీసి, చేతుల చుట్టూ ఆకుపచ్చని వెలుగు తిరుగుతుండగా మాయమైపోయాడు. "బావా, నేను ఇల్లు చేరాను గానీ, ఈ పూట అన్నం నువ్వు పెట్టెయ్" అన్న మాట బల్ల అవతలి నుంచి వినిపించింది.

ఆ ఆట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. కాలిఫోర్నియాలోని బ్లిజర్డ్ సంస్థ దానిని 2004 నవంబరులో విడుదల చేసింది. నెలకు 14.99 డాలర్లు కట్టి ఆడాలి. అప్పటి మా ఆదాయానికి అది చిన్న మొత్తం కాదు, అయినా కట్టాము. ఆటలో అడుగుపెట్టే ముందే ఆటగాడు రెండు పక్షాలలో ఒకదానిని ఎంచుకోవాలి: మనుషులు, పొట్టివాళ్ళైన డ్వార్ఫ్‌లు, నోమ్‌లు, పొడుగుచెవుల నైట్ ఎల్ఫ్‌లు ఉన్న అలయన్స్ ఒకటి, ఆకుపచ్చ ఒంటి ఓర్క్‌లు, కోరల ట్రోల్‌లు, ఎద్దుతలల టారెన్‌లు, చచ్చి లేచిన అన్‌డెడ్‌లు ఉన్న హోర్డ్ ఒకటి. ఒక పక్షంవారు మరొక పక్షంవారితో జట్టు కట్టడానికి గానీ, నేరుగా వస్తువులు ఇచ్చిపుచ్చుకోవడానికి గానీ అప్పట్లో వీలు ఉండేది కాదు. మేము ఆడిన సర్వర్, అంటే ఆ ఆటలోకానికి ఉన్న అనేక నకళ్ళలో మాది, ఒకరినొకరు చంపుకోవడానికి అనుమతి ఉన్నది కనుక, అక్కడ ఒకే ఖాతాతో రెండు పక్షాలలోనూ కాలు పెట్టడం కుదిరేది కాదు. నేను హోర్డ్‌లో చేరిన వారానికి అతను అలయన్స్‌లో చేరాడు. ఎందుకని అడిగితే, రోజూ చూసే నీ ముఖాన్ని ఆటలో కూడా కాపాడుతూ కూర్చోలేను అన్నాడు.

అన్నిటికన్నా విచిత్రమైన కట్టుబాటు మాటల విషయంలో ఉండేది. ఎదుటి పక్షంవాడు టైపు చేసిన ప్రతి మాటనూ ఆట అర్థం లేని మరో మాటగా మార్చి చూపించేది. అక్షరాల లెక్క మాత్రం చెడేది కాదు, మూడు అక్షరాల మాటకు మూడక్షరాల మాటే వచ్చేది. నవ్వుకు గుర్తుగా అందరూ కొట్టే 'లోల్' అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలను హోర్డ్ వాడు కొడితే అలయన్స్ వాడికి 'కెక్' అని కనిపించేది, అలయన్స్ వాడు కొడితే మాకు 'బర్' అని కనిపించేది. ఇదే సంస్థ 1998లో తెచ్చిన స్టార్‌క్రాఫ్ట్ రోజుల నుంచి కొరియా ఆటగాళ్ళు నవ్వును 'కెకెకె' అని రాసేవారు కనుక ఆ 'కెక్' అక్కడి నుంచే వచ్చిందని మాలో చాలామంది నమ్మేవారు. మొత్తానికి, శత్రువు చెప్పే మాటలన్నిటిలో మాకు నికరంగా అర్థమైనది అతని నవ్వు ఒక్కటే. మాటలు పోయాక సైగలు మిగిలాయి: చేతులు ఊపవచ్చు, వంగి దండం పెట్టవచ్చు, ఉమ్మవచ్చు, కోడిలా రెక్కలు కొట్టుకుని ఎగతాళి చేయవచ్చు. చంపిన శవం పక్కన కూర్చుని ఈ సైగలలో ఏది చేయాలన్నది మా రోజుల్లో పెద్ద మర్యాద విషయం.

మన ఇళ్ళలో వేళాకోళం ఆడదగిన వరసలు కొన్ని ఉంటాయి. బావను బావమరిది ఎంత మాటైనా అనవచ్చు, కానీ అదే మాటను బాబాయి అన్నాడంటే గొడవ అవుతుంది. పెళ్ళిపందిట్లో బంతిభోజనాల దగ్గర ఆడపెళ్ళివారు వియ్యపురాలి మీద పాటలు కట్టి పాడుతుంటే, ఆవిడ తిండిని, పీనాసితనాన్ని, నడకను ఆడిపోసుకుంటుంటే, ఆవిడ కూడా నవ్వుతూనే రెండో వాయి పప్పు వేయించుకుంటుంది. అలయన్స్‌కూ హోర్డ్‌కూ ఉన్నది అచ్చంగా ఆ వరసేనని నాకు ఎప్పుడూ అనిపించేది. ఎవరు ఎవరిని ఎందుకు వెక్కిరించవచ్చో ఆట ముందే తేల్చి పెట్టింది. ఆ పరిధిలో పుట్టిన వెక్కిరింతలను ఇన్నేళ్ళ తరువాత ఒక్కొక్కటిగా తలచుకుంటుంటే, వాటిలో పనిలేక కల్పించినవి చాలా తక్కువని తెలుస్తోంది. ప్రతి ఒక్కదాని వెనుక ఆట చేసినవాళ్ళు పెట్టిన ఏదో ఒక లెక్క ఉంది.

పాలడిన్ సంగతే చూడండి. పాలడిన్ పిరికివాడు, ప్రాణం మీదికి వచ్చేసరికి బుడగ వేసుకుని ఇంటికి పారిపోతాడు అన్నది మా వైపు అందరి నోటా ఉన్న మాట. దాని మూలం ఎవరి పిరికితనంలోనూ లేదు. ఏ దెబ్బా తగలనివ్వని దైవకవచం ఆ రోజుల్లో 12 సెకన్లు నిలిచేది. సత్రానికి చేర్చే రాయి పని చేయడానికి 10 సెకన్లు పట్టేది. పన్నెండులోంచి పది పోగా మిగిలిన రెండు సెకన్లు, ఒక మనిషి కంగారు అణచుకుని సంచిలో రాయి వెతుక్కోవడానికి చక్కగా సరిపోతాయి. కవచం 9 సెకన్లే ఉండి ఉంటే పాలడిన్‌లందరూ వీరులనే పేరు తెచ్చుకునేవారు, ఎందుకంటే పారిపోదామన్నా కుదిరేది కాదు. మా మిత్రుడు నిజానికి మా నలుగురిలోకీ మొండివాడు. ప్రొఫెసర్ కాదన్న సిద్ధాంతాన్ని ఆరు నెలలు పట్టుకుని వేలాడి చివరికి ఒప్పించుకున్నాడు. ఆటలో మాత్రం ఆ రెండు సెకన్లు చేతిలో ఉన్నాయి, వాడుకున్నాడు.

ఈ పాలడిన్ అన్నవాడు ఈ ఆటలో పుట్టినవాడు కూడా కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తీసుకువచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు మరుసటి ఏడాది వెలువడిన అనుబంధ పుస్తకంలో అతను మొదటిసారి కనిపిస్తాడు. బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేసుకుంటూ ఆడే ఆ ఆటలో పాలడిన్ ధర్మం తప్పితే శక్తులు పోతాయని నియమం ఉండేది. దానివల్ల పాలడిన్ ఆడేవాడు తాను బుద్ధిగా ఉంటే చాలదన్నట్టు, దొంగ పాత్ర జేబు కొట్టబోతే అడ్డుపడి, బందీని కొట్టబోతే అడ్డుపడి, మిగిలిన నలుగురి ఆటనూ నీతి పాఠంగా మార్చేవాడు. పాలడిన్ అంటే చాదస్తపు మాస్టారు అన్న ముద్ర అలా పడింది. 2008లో వచ్చిన నాలుగో కూర్పు ఆ నియమాన్ని సడలించినా ముద్ర మాత్రం పోలేదు. ఒకే పేరు గలవాడు ఒక ఆటలో ధర్మపన్నాలు వల్లించేవాడిగా, మరొక ఆటలో రణరంగం నుంచి మాయమయ్యేవాడిగా పేరుపొందాడంటే, ఆ తేడాకు కారణం ఆడే మనుషులు కాదని వేరే చెప్పనక్కరలేదు. 2005 మే నెలలో లోకమంతా చూసిన ఒక వీడియోలో జట్టంతా గుహ ముందు నిలబడి బతికి బయటపడే అవకాశం 32.33 శాతం అని లెక్కలు వేస్తుండగా, వాటిని వినకుండా తన పేరు తానే అరుచుకుంటూ లోపలికి దూకి అందరినీ చంపించిన లీరాయ్ జెన్కిన్స్ కూడా పాలడినే. ఆ వీడియో ముందుగా అనుకుని తీసినదే, అయినా నవ్వు తగ్గదు. పాలడిన్‌లు పిరికివాళ్ళని అన్న నోటితోనే మేము ఆ వీడియోను పదిసార్లు చూసి, పాలడిన్‌లు తొందరపాటు మనుషులని కూడా అనేవాళ్ళం.

ఇక నా సొంత కులం గురించి చెప్పాలి. వేటగాడిని అన్నన్ని మాటలు ఆటలో ఇంకెవరినీ అనలేదు. మాకు ఒక తిట్టుపేరు ఉండేది. హంటర్ అన్న మాట తోకకు బుద్ధిమాంద్యం ఉన్నవారిని కించపరిచే ఒక ఇంగ్లీషు మాటను అతికించి తయారు చేసినది. దానిని ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు, అప్పట్లో విని నవ్వానని మాత్రం ఒప్పుకుంటాను. ఆ పేరుకు తగిన పనులు మేము చేయలేదా అంటే చేశాము. పెద్ద శత్రువును చంపాక దొరికిన వస్తువు పంచుకోవడానికి రెండు బొత్తాలు ఉండేవి: 'నీడ్' అంటే నాకు ఇది అవసరం, 'గ్రీడ్' అంటే అవసరం ఎవరికీ లేకపోతే నేను పట్టుకుపోతాను. నొక్కినవారికి 1 నుంచి 100 వరకు ఒక అంకె పడుతుంది, పెద్ద అంకె పడినవాడిదే వస్తువు. వేటగాడు ఏ ఆయుధం కనిపించినా నీడ్ నొక్కుతాడనీ, లోకంలోని ప్రతి ఆయుధమూ వేటగాడి ఆయుధమేననీ సామెతలా అనేవారు. ఎందుకంటే విల్లు, తుపాకీ సరే, కత్తి, గొడ్డలి, బాకు, ఈటె, చేతికర్ర ఇవన్నీ పట్టడానికి ఆట మాకు అనుమతి ఇచ్చింది. దూరం నుంచి బాణం వేసేవాడికి కత్తి కోసుకోవడానికి పనికిరాదు, నిజమే. కానీ ఆ కత్తి మీద రాసి ఉన్న, చురుకుదనం పెంచే అంకె, దానిని నడుముకు తగిలించుకున్నా ఒంట్లోకి చేరేది. కాబట్టి వేటగాడి ఆశకు ఒక న్యాయం ఉంది. దగ్గరికి వెళ్ళి ఒళ్ళు హూనం చేసుకుని పోరాడే యోధుడు అదే కత్తి కోసం మూడు వారాలుగా అదే గుహకు వస్తున్నాడన్నది ఆ న్యాయానికి కనిపించదు.

దానికన్నా పెద్ద నింద పెంపుడు జంతువు వల్ల వచ్చేది. నాకు వింటర్‌స్ప్రింగ్‌లో పట్టి మచ్చిక చేసుకున్న మంచుపులి ఒకటి ఉండేది, దానికి మా తెనాలి ఇంటి పిల్లి పేరు బుజ్జి అని పెట్టుకున్నాను. బ్లాక్‌రాక్ స్పైర్ అనే కోటలో పై అంతస్తు గట్టు మీది నుంచి కిందికి దూకితే అనవసరమైన పోరాటాలు తప్పుతాయి. అయిదుగురమూ దూకాము. అక్కడ జంతువు దూకదు, అది మెట్లదారి వెతుక్కుని చుట్టూ తిరిగి యజమానిని చేరుకుంటుంది. దూకే ముందు దానిని వెనక్కు పంపివేయాలన్న సంగతి తెలియని నేను, కింద నిలబడి అందరితోపాటు నీళ్ళు తాగుతున్నాను. ఒక నిమిషం తరువాత బుజ్జి వచ్చింది. దాని వెనక, మేము తప్పించుకున్నామనుకున్న ఓర్క్‌లు పాతికమంది దాకా వచ్చారు. జట్టులో ఎవరూ తిట్టలేదు. అందరమూ చనిపోయాక ఒకరు మాత్రం, వేటగాడు ఉన్నాడుగా అని రాశారు, తక్కినవారు అవునవునన్నారు. ఆ తీరు చూస్తే అది నా ఒక్కడి తప్పుగా కాక, వాన పడినట్టు, జరగవలసినదే జరిగినట్టు అనిపించింది. వెయ్యి తిట్లకన్నా అది ఎక్కువ గుచ్చుకుంది. ఇందులోనూ లెక్క ఉంది. దెబ్బలు తినడానికి ముందు జంతువు ఉంటుంది కనుక వేటగాడు అప్పటికి అన్నిటికన్నా పైదైన అరవయ్యో మెట్టు వరకు ఎవరి సాయమూ లేకుండా ఎక్కగలిగేవాడు. మిగిలినవారు దారిలో పదిమందితో కలిసి నేర్చుకున్నది, ఒంటరిగా పెరిగిన వేటగాడు పై మెట్టు చేరాక, ఇతరుల ప్రాణాల మీద నేర్చుకుంటాడు.

మంత్రగాళ్ళది వేరే గోల. మేజ్ నీళ్ళూ రొట్టే ఉచితంగా పుట్టించగలడు కనుక నగరంలో నిలబడితే చాలు, ముక్కూ ముఖమూ తెలియనివారు వచ్చి నీళ్ళు ఇమ్మని అడుగుతారు, ఇచ్చాక చాలామంది దండం కూడా పెట్టరు. మేజ్‌లు పొగరుబోతులని పేరు పడటానికి కారణం, రోజంతా చలివేంద్రం నడిపి సాయంత్రానికి విసిగిపోయిన మనిషి ముఖమేనని నా అభిప్రాయం. వార్‌లాక్ మరో ఇద్దరి సాయంతో దూరంలో ఉన్నవారిని పిలిపించగలడు కనుక అతనిని ట్యాక్సీగా చూసేవారు. ఆ పనికి ఖర్చయ్యే ఆత్మశకలాలు ఒక్కొక్కటీ సంచిలో ఒక్కొక్క గడిని తినేస్తాయన్న బాధ ఎవరికీ పట్టేది కాదు.

పక్షాల మీద ఉన్న పెద్ద ముద్ర మరొకటి: అలయన్స్ పిల్లకాయల పక్షం, హోర్డ్ పెద్దవాళ్ళ పక్షం. అందమైన ముఖాలు, విల్లు పట్టిన ఎల్ఫ్‌లు అటు ఉన్నారు కనుక చిన్నపిల్లలందరూ అటే పోతారని మా వాదన. అది పూర్తిగా గాలి మాట కాదు. అప్పటికి వెండితెరను ఊపేసిన ఒక ఎల్ఫ్ విలుకాడి పేరు పెట్టుకోవాలని ప్రతి నైట్ ఎల్ఫ్ వేటగాడికీ ఉండేది. సర్వర్‌లో ఒక పేరు ఒకరికే దక్కుతుంది కనుక మిగిలినవారు అక్షరాల మీద కొమ్ములూ చుక్కలూ పెట్టుకుని, రెండు మూడు అక్షరాలు అదనంగా చేర్చుకుని అదే పేరుతో అడవి నిండా తిరిగేవారు. కానీ యుద్ధరంగాలలో హోర్డ్ వాళ్ళు గెలవడానికి మేము చెప్పుకున్న కారణం, అంటే మేము పరిపక్వత గలవాళ్ళమన్నది, అబద్ధం. మా సర్వర్‌లో అలయన్స్ జనం ఎక్కువ. పదిమందికి పదిమంది ఎదురుపడే వార్‌సాంగ్ గల్చ్‌లోకి పోవాలంటే తక్కువ జనం ఉన్న పక్షానికి వెంటనే పిలుపు వస్తుంది, ఎక్కువ జనం ఉన్న పక్షం వరసలో కాచుకుంటుంది. మా మిత్రుడు ఒక్క ఆట కోసం ఎదురుచూస్తూ పప్పు తాళింపు పెట్టేలోపు నేను రెండు ఆటలు ఆడేవాడిని. రెండు నెలలలో నాకు రెట్టింపు అనుభవం వచ్చింది. దానికి వయసుతో గానీ బుద్ధితో గానీ ఏమి సంబంధం? అలాగే నలభైమందికి నలభైమంది తలపడే ఆల్టెరాక్ వ్యాలీలో పటమే మీకు అనుకూలంగా గీశారని రెండు పక్షాలూ ఆరోపించుకునేవి. మేము వాళ్ళ కోట ముందున్న వంతెనను చూపేవాళ్ళం. దాని మీద మావాళ్ళు గుంపుగా చావడం నేను ఎన్నోసార్లు చూశాను కనుక ఈ ఒక్క వాదనలో మాత్రం ఈనాటికీ నేను హోర్డ్ పక్షమే.

2007 జనవరిలో ది బర్నింగ్ క్రూసేడ్ అనే విస్తరణ వచ్చి ఈ తగవునంతటినీ తలకిందులు చేసింది. అంతవరకు పాలడిన్‌లు అలయన్స్‌కు, ప్రకృతి శక్తులను పిలిచే షామన్‌లు హోర్డ్‌కు మాత్రమే ఉండేవారు. ఇప్పుడు అందగాళ్ళైన బ్లడ్ ఎల్ఫ్‌లు మా పక్షాన చేరి పాలడిన్‌లు కావచ్చునన్నారు, డ్రానై అనేవారు అటు చేరి షామన్‌లు కావచ్చునన్నారు. రెండేళ్ళుగా అందమైన ముఖాలను ఎగతాళి చేసిన హోర్డ్‌లో ఒక్క వారంలోనే ఎటు చూసినా నున్నటి చెంపలు, పొడుగుచెవులు కనిపించాయి. పాత ఓర్క్‌లు, టారెన్‌లు ఈ కొత్తవాళ్ళను సొంత పక్షంలోనే ఉంచుకుని, అలయన్స్ మీద అన్న మాటలే, ఒక్క అక్షరం మార్చకుండా వాళ్ళ మీద అనడం మొదలుపెట్టారు. ముద్ర తయారై ఉంది, అంటించడానికి వీపు దొరికితే చాలు. నేను చేసిన పని ఇంకా సిగ్గుమాలినది. ఫిబ్రవరికల్లా ఒక బ్లడ్ ఎల్ఫ్ పాలడిన్‌ను మొదలుపెట్టి, వేసవిలో ఒక రోజు, మిత్రుడి చేతిలో చావు తప్పదనుకున్న క్షణంలో బుడగ వేసుకుని, రాయి తీసి, నవ్వి, మాయమయ్యాను. బల్ల అవతల చాలాసేపు నిశ్శబ్దం. తరువాత అతను లేచి వెళ్ళి, ఏమీ అనకుండా అన్నం పెట్టాడు.

వేసిన వేషాన్ని బట్టి మనిషి మారతాడా అన్న ప్రశ్న నాకు అప్పుడే తట్టింది. నిక్ యీ, జెరమీ బెయిలెన్సన్ అనే పరిశోధకులు 2007లోనే దీని మీద ఒక పరిశోధన ప్రకటించారు. పొడవైన అవతారం ఇచ్చినవారు బేరమాడటంలో పొట్టి అవతారం ఇచ్చినవారికన్నా గట్టిగా నిలబడ్డారని అందులో తేలింది. దానికి ప్రోటియస్ ప్రభావం అని పేరు పెట్టారు. ఎద్దుతలతో ఉన్నప్పుడు నేను తక్కువ మాటలు, ఆచితూచి రాసేవాడినన్నది నాకు తెలుసు. బ్లడ్ ఎల్ఫ్‌గా మారాక నగరం మధ్యలో అద్దం ముందు నిలబడినట్టు నిలబడి కవచాలు మార్చుకున్నానన్నదీ నిజమే.

అయితే ఆట పెట్టిన వరసలోంచి కాక బయటినుంచి తెచ్చుకున్న ముద్రలు కూడా ఉండేవి, వాటిలో సరసం లేదు. ఎగిరే వేగమైన వాహనం నడపడం నేర్చుకోవడానికి అప్పుడు 5000 బంగారు నాణేలు అయ్యేవి. వాటి కోసం నేను రాత్రి రెండు దాటాక నాగ్రాండ్ పచ్చికబయళ్ళలో ఒంటరిగా క్లెఫ్ట్‌హూఫ్ అనే మృగాలను చంపి చర్మాలు వలుచుకునేవాడిని. బంగారాన్ని నిజమైన డబ్బుకు అమ్ముకునేవారు ఒంటరిగా, రాత్రీ పగలూ, ఎక్కువగా వేటగాడి పాత్రతోనే ఆడతారని అందరికీ తెలుసు కనుక, నా సొంత పక్షానికి చెందిన ఒకతను వచ్చి నన్ను చైనావాడివా అని అడిగాడు. కాదన్నాను. నా ఇంగ్లీషు అతనికి నచ్చినట్టు లేదు. ఆ తరువాత అరగంటసేపు తాను తోలుకొచ్చిన మృగాలను నా మీద వదులుతూ, మీ దేశానికి పో అని రాస్తూ గడిపాడు. శత్రుపక్షం మాటలు అర్థం కాకుండా ఆట అడ్డుగోడ కట్టింది గానీ, సొంతవాళ్ళ మాటలు మాత్రం స్పష్టంగా అర్థమవుతాయి. ఇదే నిక్ యీ, బంగారపు వేట కాలంలో కాలిఫోర్నియాలోని చైనా వలసదారుల మీద వచ్చిన ద్వేషానికీ ఆటలలో చైనావారి మీద వచ్చే ద్వేషానికీ ఉన్న పోలిక గురించి 2006లో రాశారు. నేను అది చదివింది ఆ రాత్రి గడిచిన చాలా కాలానికి. మా గిల్డ్‌లో, అంటే ఎప్పుడూ కలిసి ఆడే ఆటగాళ్ళ సంఘంలో, అందరికన్నా ముందు నిలబడి దెబ్బలు కాచుకునే యోధురాలి పాత్రను ఆడినది ఒక అమ్మాయి అని మాకు మూడు నెలల వరకు తెలియదు. ఆడవాళ్ళు వైద్యం చేసే పాత్రలే ఆడతారన్న వాడుక ఉన్నచోట గొంతు వినిపించడం దేనికని ఆమె మైకు పాడైందని చెప్పి టైపు చేస్తూ వచ్చింది. గొంతు విన్న రోజు నుంచి ఇద్దరు ముగ్గురు ఆమెకు సలహాలు ఇవ్వడం మొదలుపెట్టారు, అంతకుముందు ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళే. పాలడిన్ బుడగకు 12 సెకన్ల లెక్క ఉంది. ఈ రెంటికీ ఏ లెక్కా లేదు.

చదువులు అయ్యాయి, ఆట మానేశాము, బల్లను పది డాలర్లకు అమ్మేశాము, పెళ్ళిళ్ళయ్యాయి. మిత్రుడు సియాటిల్ వైపు స్థిరపడ్డాడు, నేను టెక్సస్‌లోనే ఉండిపోయాను. 2022 మే 31న వచ్చిన మార్పుతో అలయన్స్, హోర్డ్ ఆటగాళ్ళు మొట్టమొదటిసారి ఒకే జట్టుగా గుహలలోకి పోవచ్చునని తెలిసి అతను ఫోను చేశాడు. పక్షాల గోడ పోతే ఆటలో ఇక ఏమి మిగులుతుందని వాపోయినవాళ్ళు అప్పుడు చాలామంది ఉన్నారు, వాళ్ళ బాధ నాకు అర్థమైంది. కానీ పదహారేళ్ళు శత్రుపక్షాలవాళ్ళుగా ఉన్నాక ఒకసారి పక్కపక్కన నిలబడి చూడాలన్న కోరిక మాకు ఎక్కువైంది. పిల్లలు పడుకున్నాక, రెండు గంటల కాలభేదాన్ని సర్దుకుంటూ, పాత పాత్రలను మెట్లు ఎక్కించడానికి రెండు వారాలు పట్టింది. గుహ బయట కలుసుకున్నప్పుడు అతని పేరు నా తెర మీద ఇంకా పడనివాళ్ళ రంగులోనే ఉంది, గుమ్మం దాటి లోపలికి వెళ్ళాక మావాళ్ళ రంగులోకి మారింది. 'బావా, కనిపిస్తోందా' అని అతను ఇంగ్లీషు అక్షరాలలో రాసిన తెలుగు జట్టు సంభాషణలో ఉన్నది ఉన్నట్టుగా కనిపించింది. ఆటలో అతని మాట నేను చదవగలగడం అదే మొదలు.

చివరి గదిలో అంతా చెడింది. వైద్యం చేసే అతను ముందు పోయాడు, తరువాత మరో ఇద్దరు పోయారు. నేను వేటగాళ్ళకు అనాదిగా ఉన్న విద్యను ప్రయోగించి చచ్చినట్టు నేల మీద పడుకున్నాను. జట్టును గాలికి వదిలేసి దొంగచావు చస్తారన్నది మా మీద ఉన్న మరో నింద. శత్రువు ఇక మిగిలిన ఒక్కడి వైపు తిరిగింది. కళ్ళు తెరుచుకుని పడుకుని చూస్తున్నాను కదా, మిత్రుడు అలవాటు కొద్దీ బంగారు బుడగ వేసుకున్నాడు, రాయి తీశాడు, చేతుల చుట్టూ ఆకుపచ్చని వెలుగు తిరిగింది, నా శవం వైపు తిరిగి నవ్వాడు కూడా. మేము ఆట మానేసిన ఏళ్ళలో దైవకవచాన్ని 8 సెకన్లకు తగ్గించారన్న సంగతి అతనికి తెలియదు. రాయికి మాత్రం ఇప్పటికీ 10 సెకన్లే పడుతుంది. ఎనిమిదో సెకనులో బుడగ పోయింది, తొమ్మిదో సెకను పూర్తికాకముందే అతను వచ్చి నా పక్కన పడ్డాడు.

నేను ఇంకా లేవకుండానే 'కెక్' అని టైపు చేశాను. కాసేపటికి అవతలి నుంచి 'బర్' అని వచ్చింది.